గూట్లో ఆంప్లిఫయర్ చెయ్యి పెట్టలేనంత కాలుతోంది – ఎండ వల్లనా, లోపలేమైనా తేడానా?

గూటిలో పాట, కడప
ఏప్రిల్ 19, రాత్రి 11.40

అందరికీ నమస్కారం. మాది కడప, ఎర్రముక్కపల్లి. ఉండేది రెండో అంతస్తు, మా పైన ఇక స్లాబే. ఇల్లు కట్టేటప్పుడే హాల్లో పడమటి గోడకు మా నాన్న నాపబండలతో గూళ్లు పెట్టించారు. బయటి ఊళ్లవాళ్లు దాన్ని కడప రాయి అంటారు గానీ ఇక్కడ మాకు అది వట్టి బండే. మధ్య గూట్లో నా ఆంప్లిఫయర్ ఉంటుంది. కంపెనీది కాదు, 2011లో ఒక మెకానిక్‌తో చేయించుకున్న అసెంబుల్డ్ సెట్. 30-0-30, 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్. ఒక్కో చానెల్‌కు 5200, 1943 ట్రాన్సిస్టర్లు ఒక్కో జత. రెండు పక్కలా వేరువేరు హీట్ సింకులు, అంటే ట్రాన్సిస్టర్ల వేడిని గాలికి వదిలే లోహపు రెక్కలు. 8 ఓమ్స్ స్పీకర్ బాక్సులు రెండే, అంతకంటే ఏమీ తగిలించలేదు.

నెల రోజులుగా కుడిపక్క సింకు మీద చెయ్యి పెడితే మూడు లెక్కపెట్టేలోపే తీసేయాల్సి వస్తోంది. ఎడమది వెచ్చగా ఉంటుంది, అంతే. విచిత్రం ఏమిటంటే పాటలో ఏ తేడా లేదు. గరగర లేదు, గొంతు బొంగురుపోవడం లేదు. కాకపోతే గంట దాటాక గూటి దగ్గర కాలిన దుమ్ము వాసన వస్తోంది.

ఇక్కడ పగలు 42, 43 కొడుతోంది. రాత్రి పదికి కూడా హాల్లో 37. పడమటి గోడ అర్ధరాత్రి దాకా చల్లారదు. మా ఆవిడేమో "మనుషులే కాలిపోతుంటే డబ్బా కాలదా" అని తీసిపారేసింది. మా అమ్మకైతే ఆ వేడి మీద ఫిర్యాదే లేదు. పోయిన చలికాలమంతా పాలు తోడుపెట్టి గిన్నెను ఆ డబ్బా మీదే ఉంచేది, తెల్లారేసరికి గడ్డపెరుగు.

ఎంత వేడి దాకా ఫర్వాలేదు? ఫ్యాన్ పెట్టాలా? ఎండలు తగ్గేదాకా సెట్ పక్కన పెట్టేయమంటారా? ఆఫీసు నుంచి వచ్చాక రెండు గంటలు పాటలు వినడం తప్ప నాకు వేరే సరదా లేదు. అందుకే ఈ టెన్షన్.

హంద్రీగాలి, కర్నూలు
ఏప్రిల్ 20, ఉదయం 7.15

అన్నా, సింపుల్. కంప్యూటర్‌లో వాడే 12 వోల్టుల ఫ్యాన్ ఒకటి తీసుకుని, 7 లేదా 8 వోల్టులే ఇవ్వండి. చప్పుడు దాదాపు వినపడదు. సింకు రెక్కల మధ్యలోకి గాలి పోయేలా కింద నుంచి పైకి బిగించండి. సగం సమస్య తీరిపోతుంది.

మిగతా సగం కూడా తీరాలంటే ఈ పాతది ఎవరికైనా ఇచ్చేసి డీ క్లాస్ అనే తక్కువ వేడెక్కే రకం బోర్డుకి మారండి. టీపీఏ3116 బోర్డు, 24 వోల్టుల అడాప్టర్. తీసుకున్న కరెంటులో 90 శాతం దాకా బాక్సుకే పోతుంది, వేడిగా పోయేది చాలా తక్కువ. నాది అరచేతి మందం ఉంటుంది. మా కర్నూల్లో మే నెలలో కూడా గోరువెచ్చగా తప్ప కాలదు. ఈ ఎండల్లో మీ దాంట్లో ఉన్న ఏబీ క్లాస్ రకం పెట్టుకుని కొట్టుకోవడం ఎందుకు?

పాత సోల్డర్, అనంతపురం
ఏప్రిల్ 20, మధ్యాహ్నం 2.30

ఫ్యాన్ సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ. ముందు పెరుగు దగ్గరికి రండి.

చలికాలంలో పాలు తోడుకోవాలంటే గోరువెచ్చదనం రాత్రంతా నిలవాలి. మీ డబ్బా మూత రాత్రంతా వెచ్చగా ఉందన్నమాట. ఆ టైములో మీరు పాట పెట్టలేదు, పడుకున్నారు. పాట లేకుండా, ఎండ లేకుండా డబ్బా వేడెక్కిందంటే ఈ జబ్బు ఎండాకాలం తెచ్చింది కాదు. చలికాలంలోనే పట్టింది, ఎండకు బయటపడింది. మూడు ప్రశ్నలకు జవాబు చెప్పండి. అంతకు ముందు చలికాలం కూడా అమ్మగారు గిన్నె అక్కడే పెట్టేవారా? పాటలు ఆపాక పవర్ స్విచ్ ఆపరా? ఈ మధ్య ఎవరైనా ఆ డబ్బా విప్పారా?

నేను టవర్ క్లాక్ దగ్గర ముప్పై ఏళ్లు రేడియో, టేప్‌రికార్డర్ రిపేరు షాపు నడిపాను. మార్చి నుంచి జూన్ దాకా "సార్, సెట్ కాలిపోతోంది" అనే వాళ్లే ఎక్కువ. అందులో సగం మందివి బాగున్న సెట్లే. వాళ్లకు చెప్పిన మాటే మీకూ చెబుతున్నా. సింకు ఎన్ని డిగ్రీలు ఉంది అని చూడొద్దు, చుట్టూ ఉన్న గాలి కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువ ఉంది అని చూడండి. జనవరిలో గది 22, సింకు 34 ఉన్న సెట్టే మేలో గది 40 ఉంటే 52కి పోతుంది. తేడా రెండుసార్లూ 12 డిగ్రీలే. సెట్‌లో ఏమీ మారలేదు, మారింది మీ గది. పాట లేనప్పుడు ఆ తేడా పది, పదిహేను ఉంటే మీలాంటి ఏబీ క్లాస్ సెట్‌కి నేను మూత కూడా విప్పను. ముప్పై దాటితే మాత్రం విప్పి చూడాల్సిందే. ఏ క్లాస్ సెట్ల లెక్క వేరు. అవి పాట లేనప్పుడే ఎక్కువ కాలుతాయి, వాటి పుట్టుకే అంత.

చెయ్యి కొలత కూడా పనికొస్తుంది. 50 డిగ్రీల దాకా అరచెయ్యి ఓర్చుకుంటుంది. 60 దగ్గర చెయ్యి దానంతట అదే వెనక్కి వస్తుంది. మీరు మూడు లెక్కపెట్టలేకపోతున్నారంటే అరవై దాటింది.

అది ప్రమాదమా అంటే, వెంటనే కాదు. 5200 కాగితం మీద 150 వాట్లు భరిస్తుందని రాసి ఉంటుంది. అయితే కేసు 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడే ఆ లెక్క. కేసు 75కి పోతే 90 వాట్లే, 100కి పోతే 60. 150 దగ్గర సున్నా. కేసు అంటే ట్రాన్సిస్టర్ ఒళ్లు, సింకు కాదు. మధ్యలో కరెంటు దాటకుండా మైకా రేకు, వేడి దాటడానికి పేస్టు ఉంటాయి కాబట్టి ఒళ్లు సింకు కంటే ఇంకా వేడిగా ఉంటుంది. కడపలో మే నెలలో మీ కుడి చానెల్‌కు దమ్ము సగమే మిగిలిందనుకోండి. సౌండ్ కొంచెం పెంచి పెట్టిన రోజు పోతుంది. పోయేటప్పుడు బాక్సును కూడా వెంట తీసుకుపోవచ్చు.

ఇప్పుడు కొలవాల్సింది. ఒక్కో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ పక్కన తెల్లటి సిరామిక్ రెసిస్టెన్స్ ఉంటుంది, 0.22 ఓమ్స్ అని రాసి ఉంటుంది. వాల్యూమ్ సున్నా చేయండి. సెట్ ఆపి, ప్లగ్గు తీసిన తర్వాతే మీటర్ వైర్లు ఆ రెసిస్టెన్స్ రెండు కాళ్లకు క్లిప్పులతో తగిలించండి. 200 మిల్లీవోల్టుల రేంజి. తర్వాత ఆన్ చేసి అరగంట ఆగి రీడింగ్ రాసుకోండి. రెండు చానెళ్లూ విడివిడిగా. సెట్ ఆన్‌లో ఉండగా ప్రోబు చేత్తో పట్టుకుని గుచ్చొద్దు. అది జారి పక్క కాలికి తగిలితే అక్కడితో ట్రాన్సిస్టర్ అయిపోయినట్టే. నా చేత్తోనే అలా మూడు జతలు కాల్చాను, ఒకే సాయంత్రం.

కర్నూలు తమ్ముడు చెప్పిన ఫ్యాన్ మంచిదే. కానీ జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా తడిగుడ్డ వేసినట్టు ఉంటుంది. ఒకసారి తాడిపత్రి దగ్గర పెళ్లిలో మైక్ సెట్ అబ్బాయి నిజంగానే తడి గోనెపట్ట తెచ్చి ఆంప్లిఫయర్ మీద కప్పాడు. చల్లగానే ఉంది, తాళి కట్టే దాకా. ఆ తర్వాత నీళ్లు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి దిగాయి.

దోసెలపిండి, ప్రొద్దుటూరు
ఏప్రిల్ 20, సాయంత్రం 6.05

వేడి కొలవడం మీద ఒక మాట, అన్నా. నేను మా టీవీ ఆంప్లిఫయర్, అదే ఏవీ రిసీవర్ మీద కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్ పెట్టి చూశాను. అది జ్వరం దాటి పైకి పోదు కదా, ఎర్ర లైటు వేసి అరిచి ఊరుకుంది. తర్వాత మా వారు వర్క్‌షాపు నుంచి తాకకుండానే వేడి చూపే గన్ లాంటిది తెచ్చారు. మెరిసే అల్యూమినియం మీద పెడితే 36 చూపించింది, చెయ్యి పెడితే చుర్రుమంది! మెరిసే లోహం మీద ఆ గన్నులు తప్పు చెబుతాయట. నల్ల ఇన్సులేషన్ టేపు చిన్న ముక్క అంటించి దాని మీద చూస్తే 58 వచ్చింది.

మా దాంట్లో అసలు దొంగ ఎవరో తెలుసా? రిసీవర్ మీద పెట్టిన సెట్‌టాప్ బాక్సు. గాలి పోయే కంతలన్నీ అదే మూసేసింది. పక్కకు జరిపాక మళ్లీ చూస్తే 47. పైసా ఖర్చు లేదు.

గూటిలో పాట, కడప
ఏప్రిల్ 21, రాత్రి 10.50

పెద్దాయనా, మీరు అడిగిన మూడింటికీ జవాబులు.

అంతకు ముందు చలికాలం అమ్మ గిన్నెను బియ్యం డబ్బాలో పెట్టేది. "ఈ పెట్టె ఈ ఏడే వెచ్చబడింది, నేనేమో మంచిదే అనుకున్నా" అంటోంది. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. పవర్ స్విచ్ నేను ఎప్పుడూ ఆపను. పొద్దున్నే ఆకాశవాణి పెట్టుకోవడానికి వీలుగా ఉంటుందని అలాగే వదిలేస్తాను. ఇక డబ్బా విప్పిన సంగతి. పోయిన అక్టోబరులో వాల్యూమ్ తిప్పుతుంటే గరగర వస్తోందని ఒక షాపులో ఇచ్చాను. కంట్రోల్ మార్చి రెండు రోజులకు ఇచ్చారు. అప్పటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు.

మీటర్‌తో పాటు వచ్చిన ఉష్ణోగ్రత వైరు ఎప్పుడూ వాడలేదు, ఇవాళ బయటికి తీశాను. గూటి లోపలి గాలి 40. ఎడమ సింకు 48. కుడి సింకు 73. పాట లేదు, వాల్యూమ్ సున్నా.

సిరామిక్ రెసిస్టెన్స్ మీద ఎడమపక్క 12 మిల్లీవోల్టులు. కుడిపక్క 48.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. డబ్బా మీద మా ఆవిడ అల్లిన లేసుగుడ్డ ఉంటుంది. సంక్రాంతికి వేసింది. అందంగా ఉందని నేనే ఏమీ అనలేదు. కంతలన్నీ దాని కిందే ఉన్నాయి.

పాత సోల్డర్, అనంతపురం
ఏప్రిల్ 22, ఉదయం 9.40

లెక్క చేసి చూద్దాం. 12ని 0.22తో భాగిస్తే సుమారు 55 మిల్లీఆంపియర్లు. 48ని భాగిస్తే 218. మీ ట్రాన్స్‌ఫార్మర్ 30-0-30 కాబట్టి డీసీ ప్లస్ 42, మైనస్ 42, మొత్తం 84 వోల్టులు. ఎడమ జత ఊరికే కూర్చుని నాలుగున్నర వాట్లు తింటోంది. కుడి జత 18 వాట్లు. అటు గాలి మీద 8 డిగ్రీలు ఎక్కితే ఇటు 33 ఎక్కాయి. వేడీ నాలుగింతలే, కరెంటూ నాలుగింతలే. సింకు బాగుంది, పాపం దాని పని అది చేస్తోంది. తప్పు బయాస్‌లో, అంటే పాట లేనప్పుడూ ట్రాన్సిస్టర్లలో పారేలా పెట్టే కొద్దిపాటి కరెంటులో ఉంది.

సింకుకు మధ్యలో ఒక చిన్న ట్రాన్సిస్టర్ బిగించి ఉంటుంది చూడండి, బీడీ139 అయి ఉంటుంది. మిగతావి పాట పాడితే అది కాపలా కాస్తుంది. సిలికాన్ ట్రాన్సిస్టర్ ఒక్కో డిగ్రీ వేడెక్కే కొద్దీ దాని బేస్‌కు కావలసిన వోల్టేజి 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. అవుట్‌పుట్‌వి వేడెక్కాయి, ఇచ్చే వోల్టేజి మాత్రం పాతదే, కాబట్టి కరెంటు పెరుగుతుంది, దాంతో ఇంకా వేడెక్కుతాయి. ఈ గొలుసును తెంపడానికే ఆ బుడ్డది సింకుకు అంటుకుని ఉండేది. సింకు వేడెక్కితే అదీ వేడెక్కి బయాస్ తగ్గిస్తుంది. సింకును వదిలేసిందంటే మాత్రం గదిలో ఉన్నట్టు చల్లగా కూర్చుంటుంది, ఇల్లు కాలుతున్నా దానికి తెలియదు.

అక్టోబరులో వాల్యూమ్ కంట్రోల్ మార్చడానికి కుడి బోర్డు బయటికి లాగి ఉంటారు. తిరిగి పెట్టేటప్పుడు దాని స్క్రూ సరిగ్గా పడి ఉండదని నా అనుమానం. చూడకుండా ఒట్టు వేయను. అలాంటివి నా బల్ల మీదికి చాలానే వచ్చాయి, నిజం చెప్పాలంటే ఒకటి రెండు నేను చేసి పంపినవే తిరిగొచ్చాయి.

విప్పే ముందు ప్లగ్గు తీయండి. తీసినా పెద్ద కండెన్సర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో టప్‌మని కలపడం మా వాళ్లకు అలవాటు, మీరు ఆ పని చేయొద్దు. 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టెన్స్‌ను ఒక్కో కండెన్సర్ కాళ్ల మీద అర నిమిషం ఆనించి పట్టుకోండి. తర్వాత మీటర్‌తో చూసి సున్నాకు వచ్చిందా అని నిర్ధారించుకోండి.

బీడీ139 వీపు లోహమే కాబట్టి దానికీ మైకా కావాలి. ఎండిపోయిన పాత పేస్టు గుడ్డతో తుడిచేసి కొత్తది రాయండి. రొట్టెకు వెన్న రాసినట్టు కాదు, మైకా కనబడేంత పల్చగా. మందంగా రాస్తే అదే వేడికి అడ్డం. స్క్రూ బిగించాక సింకుకు, దాని మధ్య కాలికి షార్ట్ లేదని మీటర్‌తో చూసుకోండి.

మొదటిసారి ఆన్ చేసేది సిరీస్ బల్బు మీద, అంటే సెట్‌కు పోయే కరెంటు వైరు మధ్యలో ఒక మామూలు ఫిలమెంటు బల్బు తగిలించి. 60 వాట్లది చాలు. ఒక్క క్షణం వెలిగి మందగిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టు. అలాగే వెలుగుతూ ఉంటే వెంటనే ఆపేయండి. మందగించాక బల్బు తీసేసి అరగంట తర్వాత రీడింగ్ చూడండి. 12, 15 మధ్య లేకపోతే అప్పుడు ప్రీసెట్‌ను, అంటే బయాస్ సరిచేసే చిన్న కంట్రోల్‌ను, వెంట్రుకవాసి తిప్పండి. పాత ప్రీసెట్ కుదుపుకే కాంటాక్ట్ వదిలే రకమైతే కొత్తది వేసేయడం మేలు, కొన్ని బోర్డుల్లో అది వదిలిన క్షణంలోనే బయాస్ ఆకాశానికి పోతుంది.

సింకుకు దగ్గరగా ఉన్న కండెన్సర్ల మీద తట్టుకునే వేడి 85 డిగ్రీలు అని ఉందా, 105 అనా? పది డిగ్రీల వేడి తగ్గితే కండెన్సర్ ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని మా లెక్క. ఆర్నెల్లు ఇలా కాలే సింకు పక్కన కూర్చున్నవాటిని నేనైతే నమ్మను.

రాత్రి పదకొండు దాటాక మీ వీధిలో వోల్టేజి కూడా చూడండి. 250 వస్తే మీ 42 కాస్తా 46 అవుతుంది, ఆ మేరకు వేడి.

లేసుగుడ్డ గురించి నేను మాట్లాడను. అది మీ ఇంటి వ్యవహారం.

హంద్రీగాలి, కర్నూలు
ఏప్రిల్ 22, ఉదయం 11.00

పెద్దాయన దెబ్బకు నేను ఫ్యాన్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ బయాస్ సరిచేశాక కూడా గూట్లో ఫ్యాన్ ఉంటే నష్టమేంటి?

పాత సోల్డర్, అనంతపురం
ఏప్రిల్ 22, మధ్యాహ్నం 12.20

నష్టం లేదు తమ్ముడూ, లాభమూ తక్కువ. గూటికి మూడు వైపులా బండ, వెనక ఎండ తాగిన గోడ. ఫ్యాన్ పెడితే తిరిగిన వేడిగాలే మళ్లీ తిరుగుతుంది, పైగా దుమ్ము లాక్కొచ్చి రెక్కల మధ్య పోస్తుంది. బయట బల్ల మీద పెడితే సింకు నిలువు రెక్కల మధ్య నుంచి గాలి దానంతట అదే పైకి లేస్తుంది. మీ డీ క్లాస్ బోర్డు మంచిదే, నా దగ్గరా ఒకటి ఉంది. ఆయన అడిగింది మాత్రం తన సెట్ సంగతి.

గూటిలో పాట, కడప
ఏప్రిల్ 27, రాత్రి 9.30

ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక కూర్చుని విప్పాను. పెద్దాయనా, మీరు అనంతపురంలో కూర్చుని నా డబ్బాలోకి ఎలా చూశారో గానీ, అదే.

స్క్రూ ఉంది. అయితే మూడు చుట్లు వదులు. మైకా పక్కకు జారి ఉంది, బీడీ139కూ సింకుకూ మధ్య పోస్టుకార్డు దూరేంత సందు. నిజంగానే దూర్చి చూశాను, దూరింది. ఎడమపక్కదాన్ని వేలితో కదిపితే కదలలేదు. పేస్టు మాత్రం రెండు పక్కలా ఎండి సున్నంలా పొడిపొడిగా రాలింది. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల కింద కూడా అంతే కాబట్టి నాలుగింటికీ కొత్త మైకాలు వేశాను. దీనికే రెండు గంటలు పట్టింది, ఒక మైకా చేతిలోనే విరిగింది.

సిరీస్ బల్బు వెలిగి మందగించేదాకా ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను. మా ఆవిడ మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేసుకుని ఉంది.

స్క్రూ బిగించినందుకే 48 కాస్తా 19కి దిగింది. ప్రీసెట్ జిడ్డు పట్టి ఉందని కొత్తది వేశాను, ఇప్పుడు 13. కుడి సింకు పక్కన ఉన్న రెండు కండెన్సర్లు, 4700, 63 వోల్టులవి, 85 డిగ్రీలవే. పై ప్లాస్టిక్ తొడుగు ముడుచుకుపోయి వెండి రంగు రేకు బయటపడింది. 105వి తెచ్చి మార్చాను.

సెట్ ఇప్పుడు గూట్లో లేదు. కిటికీ పక్కన టేకు స్టూలు మీద ఉంది. గది 37, ఎడమ 45, కుడి 46. రెండు చేతులూ రెండు పక్కలా పెట్టి తీరిగ్గా ఇరవై లెక్కపెట్టాను. రాత్రి పదకొండున్నరకు వోల్టేజి 246, అప్పుడు కూడా ఒక డిగ్రీ కంటే ఎక్కలేదు. రాత్రి స్విచ్ ఆపేస్తున్నాను. లేసుగుడ్డ ఖాళీ అయిన గూట్లోకి పోయింది, దాని మీద ఇప్పుడు పూలకుండీ ఉంది. ఆ విషయంలో ఇంట్లో గొడవేమీ కాలేదు.

ప్రొద్దుటూరు అక్కా, నల్ల టేపు మాట నిజం. మా ఆఫీసు ఎలక్ట్రీషియన్ దగ్గర గన్ అడిగి తెచ్చి రెండు రకాలుగా చూశాను. టేపు మీద ఉష్ణోగ్రత వైరుకు ఒక డిగ్రీ తేడాతో సరిపోయింది.

అమ్మకు జరిగిందంతా చెప్పాను, ఇకమీదట డబ్బా మీద పాలగిన్నె పెట్టకూడదని కూడా. అంతా విని, "డిసెంబరులో మళ్లీ ఆ స్క్రూ కొంచెం వదులు చేసి పెట్టరా" అంది.